ముందు బ్రేకు ముట్టుకోకు

మొదటి పాఠంలో బండి ఎక్కే పని ఉండదు. ఖాళీగా ఉన్న పార్కింగ్ మైదానంలో దాదాపు 370 కిలోల హార్లీ డేవిడ్‌సన్‌ను పక్కకు పడుకోబెట్టి లేపమంటారు. మన ఇళ్ల ముందుండే స్ప్లెండర్లు మూడు కలిపినా అంత బరువు తూగవు. హ్యాండిల్ పట్టుకుని వంగి లాగబోతే నడుం పట్టేస్తుంది గాని బండి కదలదు. బండికి వీపు పెట్టి, సీటు అంచుకు పిరుదులు ఆనేలా గొంతుక్కూర్చుని, ఒక చెయ్యి హ్యాండిల్ కొసన, రెండో చెయ్యి వెనక కడ్డీ మీద వేసి, కాళ్లతో నేలను నెడుతూ చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవాలి. బస్తాలు మోసే హమాలీలకు ఈ కిటుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బరువును నడుంతో కాకుండా తొడలతో ఎత్తాలి.

అమెరికాలో మోటారు సైకిల్ మీద తిరుగుతూ ట్రాఫిక్ నిబంధనలు అమలుచేసే పోలీసును మోటార్ ఆఫీసర్ అంటారు. కారులో గస్తీ తిరిగే పోలీసు ఈ విభాగానికి మారాలంటే ముందు ఒక బడి గట్టెక్కాలి. చాలాచోట్ల అది రెండు వారాలు, మొత్తం 80 గంటలు. ఆ రెండు వారాల్లో బండి పడడం మామూలే. ఇంజను చుట్టూ, వెనక పెట్టెల చుట్టూ ఇనప కడ్డీలు బిగించేది అందుకే. పడినవాడే లేచి, ఇంజను ఆపి, బండిని లేపుకుని మళ్లీ వరసలో నిలబడతాడు. సినిమాల్లోని పోలీసు బళ్లను తలుచుకుంటూ ఇక్కడికి వచ్చినవాళ్లు ఆశ్చర్యపోయేది మాత్రం వేరే సంగతికి. ఇక్కడ వేగం కనిపించదు. రోజులో ఎక్కువసేపు ఆ భారీ బళ్లు మనిషి నడిచినంత, మహా అయితే పరిగెత్తినంత వేగంతో నారింజ రంగు కోన్ల మధ్య మెలికలు తిరుగుతూ ఉంటాయి.

నెమ్మదిగా నడపడానికి అంత శిక్షణ దేనికి? వేగంగా పోయే బండి చాలావరకు తనను తానే నిలబెట్టుకుంటుంది. చక్రాలు గైరోస్కోపుల్లా తిరగడం, ముందు చక్రం స్టీరింగ్ అక్షానికి కాస్త వెనగ్గా నేలను తాకడం దీనికి కారణాలని పుస్తకాలు చాలాకాలం చెప్పాయి. 2011లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆ రెండు గుణాలూ లేకుండా చేసిన చిన్న సైకిల్‌ను తోసి వదిలారు. అదీ నిలదొక్కుకుంది. బరువు ఎక్కడెక్కడ ఎంత ఉంది, ఒరిగినప్పుడు హ్యాండిల్ ఆ ఒరిగిన వైపుకే తిరుగుతుందా అన్నవి కూడా అంతే ముఖ్యమని వాళ్లు సైన్స్ పత్రికలో చూపించారు. ఈ ఆసరాలన్నీ తగినంత వేగం ఉన్నంతసేపే. నడక వేగానికి దిగగానే బండి భారం మనిషి మీద పడుతుంది.

ఆరు మీటర్ల వెడల్పులో యూ టర్న్ తీసుకోవాలనుకుందాం. మూడు మీటర్ల వ్యాసార్థంలో, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తిరిగే బండి సుమారు 30 డిగ్రీలు ఒరగాలి. ఆ పెద్ద బళ్లకు ఫుట్‌బోర్డు నేలను గీరి కిర్రుమనేంత ఒరుగుడు అది. ఆ శబ్దానికి భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే వేగం 10 కిలోమీటర్లకు పడిపోతుంది. ఆ వేగానికి, అదే మలుపుకు సరిపడే ఒరుగుడు 15 డిగ్రీలే. బండి మాత్రం ఇంకా 30 డిగ్రీల దగ్గరే ఉంది. ఎక్కువైన ఆ 15 డిగ్రీలను మోసే బలం ఎక్కడా లేదు, బండి లోపలి వైపుకు కూలుతుంది. శిక్షణలో పడే బళ్లలో చాలా వాటి కథ ఇదే. మనిషిని కాపాడాలని చెయ్యి తనంతట తాను చేసిన పనే అతన్ని పడేస్తుంది.

మందు ఏమిటంటే, క్లచ్‌ను సగం పట్టులో ఉంచి, యాక్సిలరేటర్‌ను నిలకడగా ఇస్తూ, వెనక బ్రేకును కాలితో సన్నగా తొక్కి పట్టడం. ఇంజను ముందుకు లాగుతుంది, బ్రేకు వెనక్కి పడుతుంది. సంక్రాంతికి గాలిపటం ఎగరేసినవాళ్లకు ఈ బిగువు తెలుసు. దారం వదులైతే పటం తలకిందులవుతుంది. ఈ రెండు లాగుళ్ల మధ్య బిగువుగా ఉన్నంతసేపు బండి నిలకడగా తిరుగుతుంది. క్లచ్ పళ్లేలు నూనెలో మునిగి ఉంటాయి కాబట్టి ఈ రాపిడిని ఓర్చుకుంటాయి. ఇక హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు మీద ఒక్క వేలు పడిందా, బండి అక్కడికక్కడే నేలకు ఒరుగుతుంది.

మైదానంలో శిక్షకుల గొంతులు పోయేది ఇంకో మాట మీద. తల తిప్పు, కళ్లు ఎత్తు. కోన్ దగ్గరికి రాగానే కళ్లు కోన్ మీదికి పోతాయి, కళ్లు ఎటు పోతే బండి అటే పోతుంది. గుంతను తప్పించాలని గుంతనే చూస్తూ తిన్నగా గుంతలోకే దింపిన అనుభవం మనందరికీ ఉంది. మన కంట్లో తేటగా చూడగలిగే భాగం రెండు డిగ్రీలే, చాచిన చేతి బొటనవేలి గోరంత. లోకంలో తక్కినదంతా మసక. ఆ గోరంత వెలుగును ఎక్కడ పెడితే మెదడు చేతుల్ని అక్కడికి నడిపిస్తుంది. 1994లో మైకేల్ ల్యాండ్, డేవిడ్ లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మలుపుల రోడ్డులో కారు నడిపేవారి చూపును నమోదు చేశారు. మలుపులోకి రావడానికి ఒకటి రెండు సెకన్ల ముందే చూపు మలుపు లోపలి అంచుకు చేరుకుంటోందని నేచర్ పత్రికలో రాశారు. మోటార్ బడి చేయించేది దీన్నే, ఇంకా బలవంతంగా. యూ టర్న్ మొదలు కాకముందే గడ్డం భుజం మీదికి తిప్పి, బయటికి వెళ్లాల్సిన చోటును చూడాలి. పక్కన కోన్ ఉందని తెలుసు, అయినా చూడకూడదు. భయం పుట్టించే వస్తువు మీది నుంచి చూపు తీసేయడం శరీరానికి చాలా కష్టం. పదిసార్లు చెప్పినంత మాత్రాన అది రాదు. వందలసార్లు తిరిగితే వస్తుంది.

నేను బండి నేర్చుకున్నది మా ఊరి హైస్కూలు మైదానంలో, బాబాయి రాజ్‌దూత్ మీద. ఆయన వెనక కూర్చుని చెప్పిన మొదటి మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. “ఒరేయ్, ముందు బ్రేకు మాత్రం ముట్టుకోకు, పల్టీ కొడతావు.” ఆ మాట వినకుండా బండి నేర్చుకున్న తెలుగువాడు అరుదు. ఇరవై ఏళ్లు ఆ మాట పట్టుకునే నడిపాను.

అమెరికాలోనూ అంతే జరిగిందని హర్ట్ నివేదిక చదివినప్పుడు తెలిసింది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హ్యారీ హర్ట్ అనే ఇంజనీరు బృందం లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో 900 మోటారు సైకిల్ ప్రమాదాల స్థలాలకు స్వయంగా వెళ్లి టైరు గుర్తులు కొలిచింది, హెల్మెట్లు పరీక్షించింది. మరో 3,600 ప్రమాదాల పోలీసు నివేదికలు చదివింది. 1981లో ఫలితాలు బయటికొచ్చాయి. ప్రమాదాల పాలైనవారిలో 92 శాతం మంది బండిని సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లు. వాళ్లకూ బాబాయిలే గురువులన్నమాట. ఆపద ఎదురైనప్పుడు చాలామంది వెనక బ్రేకును గట్టిగా తొక్కి చక్రం జారనిచ్చారు, ముందు బ్రేకును తగినంత వాడలేదు. పక్కకు తప్పించే నేర్పు దాదాపు ఎవరిలోనూ కనబడలేదు. ఆపద కనిపించినప్పటి నుంచి ఢీకొనేదాకా వాళ్లకు దొరికిన సమయం రెండు సెకన్ల లోపు.

రెండు సెకన్లలో మనిషి ఆలోచించలేడు, అలవాటైన పనే చేస్తాడు.

ముందు బ్రేకు సంగతి ఆర్టీసీ బస్సులో నిలబడి ప్రయాణం చేసినవారికి అర్థమవుతుంది. డ్రైవరు బ్రేకు వేయగానే అందరం ముందుకు తూలుతాం. బండి బరువూ అంతే, బ్రేకు పడగానే ముందు చక్రం మీదికి వాలుతుంది. వెనక చక్రం తేలికై నేలమీద పట్టు కోల్పోతుంది. బరువున్న చోటే టైరుకు పట్టు ఉంటుంది కాబట్టి బండిని ఆపే బలం చాలావరకు ముందు చక్రానిదే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో పొడి తారు మీద రెండు బ్రేకులూ సరిగ్గా వాడితే సుమారు 17 మీటర్లలో ఆగవచ్చు. వెనకది ఒక్కటే తొక్కితే 35 మీటర్ల దాకా పోతుంది. తేడా ఒకటిన్నర బస్సు పొడవు. ఇవన్నీ బ్రేకు పడ్డాక లెక్కలు. చూసి తేరుకోవడానికి పట్టే ఒక్క సెకనులోనే బండి మరో 16, 17 మీటర్లు పోయి ఉంటుంది.

అందుకే ఆ బడిలో నెమ్మది పాఠాలు కుదిరాక గంటకు 64 కిలోమీటర్ల వేగంతో వచ్చి, బ్రేకు వేసి, చివరి క్షణంలో శిక్షకుడు చెయ్యి చూపిన వైపుకు తప్పుకోవడం చేయిస్తారు. ముందు బ్రేకును ఒక్కసారిగా లాగకూడదు. బరువు ముందుకు వాలేంత వ్యవధి ఇచ్చి, నిమ్మకాయ పిండినట్టు బిగించుకుంటూ పోవాలి. తప్పించడంలో ఇంకో వింత ఉంది. వేగంలో ఉన్న బండిని ఎడమకు ఒరిగించాలంటే హ్యాండిల్ ఎడమ కొసను ముందుకు నెట్టాలి. అంటే చక్రం క్షణంపాటు కుడివైపు తిరుగుతుంది, బండి ఎడమకు ఒరుగుతుంది. సైకిళ్లు తయారుచేసి అమ్మిన విల్బర్ రైట్, విమానం జోలికి వెళ్లిన ఆ అన్నదమ్ముల్లో పెద్దవాడు, ఎందరో సైకిలిస్టులను ఎడమకు ఎలా తిప్పుతారని అడిగాడు. మొదటి కదలికను ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. అందరి చేతులూ రోజూ చేస్తున్న పనే అది. తెలియకుండా చేసే ఆ పనిని ఆపద సమయంలో బలంగా చేయించాలంటే ముందు తెలిసి చేయించాలి.

ఇంతకీ ఈ బడికి ఎవరిని పంపుతారు? సాధారణంగా తమంతట తాము వస్తామన్నవారినే తీసుకుంటారు. రెండు మూడేళ్లయినా గస్తీలో పనిచేసి ఉండాలని చాలా విభాగాలు కోరతాయి. డ్రైవింగ్ రికార్డు చూస్తారు, పౌరుల ఫిర్యాదులు చూస్తారు, పైఅధికారి మాట అడుగుతారు, ఇంటర్వ్యూ చేస్తారు. ఒంటి బలం అవసరమే, అయినా భుజబలం మీద ఆధారపడ్డవాడు మొదటి రోజే బండి కింద చెమటలు కక్కుతాడు. నడిపిన అనుభవం ఉన్నవాడు తేలిగ్గా గట్టెక్కుతాడనుకుంటాం. ఎన్నో ఏళ్లుగా సొంత బండి నడిపినవారికి పాత అలవాట్లు వదలడమే పెద్ద పని. బండి ముట్టనివారి చేతులు చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంటాయి. ఈ బడిలో తప్పి కారు గస్తీకి తిరిగి వెళ్లేవాళ్లు ఉంటారు. అలా పంపగలగడమే ఆ బడికి ప్రాణమని నేను నమ్ముతాను. మొహమాటానికి ప్యాసు చేసిన మనిషిని రోడ్డు క్షమించదు.

ఎంపికలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది నిదానం. మోటార్ ఆఫీసర్ రోజంతా చేసే పని కోపంగా ఉన్న మనుషులను ఆపి చలానా రాయడం. ఒక డ్రైవరు తిట్టి వెళ్లాక ఆ చేతులతోనే మళ్లీ క్లచ్ పట్టుకోవాలి. పారిపోయే కారు వెంట పడాలని ఒళ్లంతా తహతహలాడినా, రేడియోలో చెప్పి ఆగిపోవాల్సి రావచ్చు. మోటారు సైకిళ్లతో వెంబడించడాన్ని చాలా విభాగాలు కట్టడి చేశాయి. ఒంటి చుట్టూ ఇనప కవచం లేని మనిషి ఆ పరుగులో ఓడితే ప్రాణమే పోతుంది.

అయినా పోలీసు ఇనప గుర్రం మొదట పుట్టింది వేగం కోసమే. న్యూయార్క్‌లో 1895లో థియోడర్ రూజ్‌వెల్ట్ పోలీసు కమిషనర్ల బోర్డుకు అధ్యక్షుడిగా ఉన్నప్పుడు సైకిల్ దళం ఏర్పడింది. 1899 మేలో ఆ దళంలోని పోలీసు ఒకరు గంటకు 12 మైళ్లు, అంటే 19 కిలోమీటర్ల వేగంతో పోతున్న విద్యుత్ ట్యాక్సీని సైకిల్ మీద వెంబడించి పట్టుకున్నాడు. కార్లు సైకిళ్లను దాటిపోయాక మోటారు సైకిళ్లు వచ్చాయి. డెట్రాయిట్ పోలీసులు 1908లో హార్లీ బండి తీసుకున్నారు. కార్ల వేగం ముందు మోటారు సైకిల్ ఆధిక్యం ఎప్పుడో పోయింది. నేటికీ అది నిలిచింది ఇరుకులో దూరగలగడం వల్ల, ప్రమాదం జరిగిన చోటికి నిలిచిపోయిన వాహనాల సందులోంచి చేరగలగడం వల్ల, చెట్టు నీడంత జాగాలో నిలబడి స్పీడ్ గన్ పట్టగలగడం వల్ల. ఇవన్నీ నెమ్మది పనులే.

ఈ సంగతి జపాన్‌కు బాగా తెలుసు. అక్కడ 1918లో ఎర్ర మోటారు సైకిళ్లతో మొదలైన ట్రాఫిక్ గస్తీ 1936లో తెల్ల రంగుకు మారింది. అప్పటినుంచి వాటి పేరే శిరోబై, తెల్ల బండి. ఇబరాకి రాష్ట్రంలోని హితాచినాకలో ఉన్న జాతీయ శిక్షణ కేంద్రంలో దేశంలోని శిరోబై పోలీసులకు పోటీలు జరుగుతాయి. వాటిలో ఇరుకు దారుల్లో కాలు కింద పెట్టకుండా బండి తిప్పే పోటీ ఒకటి, గతుకుల నేల మీద నడిపే పోటీ ఒకటి. కొత్త సంవత్సరం వచ్చాక జనవరి 2, 3 తేదీల్లో టోక్యో నుంచి హకోనె కొండల దాకా వెళ్లి తిరిగొచ్చే విశ్వవిద్యాలయాల రిలే పరుగును దేశమంతా టీవీల ముందు కూర్చుని చూస్తుంది. పరుగెత్తేవాడికి ముందు దారి చూపేది తెల్ల బళ్లే. ఆ దృశ్యం చూసి, అలా ముందు నడవాలన్న కోరికతో పోలీసు ఉద్యోగంలో చేరినవాళ్లు ఉన్నారు. గంటకు 20 కిలోమీటర్లు. వెనక పరుగెత్తే కుర్రవాడి అడుగుకు తగ్గట్టు, చలిగాలిలో, గంటకు పైగా, తూలకుండా ఆ వేగంలో నడపాలి. అంతటి గౌరవం నిదానానికి దక్కడం నాకు ఎంతో నచ్చింది.

ఇంత నేర్చుకున్న పోలీసుకు రోడ్డు మీద పెద్ద ఆపద ఎటునుంచి వస్తుందో హర్ట్ నివేదికలోనే ఉంది. వేరే వాహనంతో ఢీకొన్న సందర్భాల్లో మూడింట రెండొంతులు ఆ వాహనం మోటారు సైకిల్‌కు అడ్డం వచ్చినవే. ముఖ్యంగా కూడలిలో ఎదురు దిశ నుంచి వచ్చి ఎడమకు తిరిగే కారు. అమెరికాలో రోడ్డుకు కుడివైపు నడుపుతారు కాబట్టి, మన కూడళ్లలో కుడికి తిరిగే కారుతో సమానం. “చూడలేదండీ” అంటాడు కారు డ్రైవరు. చాలాసార్లు అది నిజమే. చూసినా కూడా, ఒకే వేగంతో వచ్చే రెండు వస్తువుల్లో చిన్నది ఆలస్యంగా వస్తుందని మన కన్ను పొరబడుతుంది. బస్సు వస్తుంటే ఆగే మనిషి, అంతే దూరంలో మోటారు సైకిల్ ఉంటే తిరిగేస్తాడు. అందుకే మోటార్ ఆఫీసర్‌కు ప్రతి కూడలిలో ఎదుటి కారు ముందు చక్రాన్ని చూడడం నేర్పుతారు. డ్రైవరు ముఖం ఏం చెప్పినా చక్రం కదిలితే కారు కదిలినట్టే. అప్పటికే రెండు వేళ్లు ముందు బ్రేకు మీద ఉంటాయి.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. ఆ అంకె చదివిన ప్రతిసారీ మా మైదానం, బాబాయి మాట గుర్తొస్తాయి. మనకు లైసెన్సు పరీక్షలో ఎనిమిది వేయిస్తారు. మోటార్ బడిలోనూ ఎనిమిది ఉంది. అక్కడ దాన్ని వందలసార్లు తిరుగుతారు, ఇక్కడ కాలు కింద పెట్టకుండా ఒకసారి తిరిగితే చేతికి కార్డు వస్తుంది. గట్టిగా బ్రేకు వేసి చూపించమని నన్ను ఎవరూ అడగలేదు. హైదరాబాద్‌లో గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ శిక్షణ సంస్థల్లో తాగి నడిపి దొరికినవారికి కౌన్సెలింగ్ ఇస్తారు. ఆ మాటలు కావలసినవే. చేతులకు నేర్పే చోటు కూడా ప్రతి జిల్లాలో ఒకటి ఉండాలని నాకు కోరిక. 2019లో 125 సీసీ దాకా ఉన్న కొత్త బళ్లకు కనీసం జంట బ్రేకులు తప్పనిసరి చేశారు. వెనక బ్రేకు వేస్తే ముందుది కూడా కొంత పడుతుంది. ముందు బ్రేకు ముట్టుకోని మన చేతుల కోసం ఇంజనీర్లు కనిపెట్టిన దారి అది.

బాబాయి తప్పు చెప్పలేదని తర్వాత తెలిసింది. మా హైస్కూలు మైదానమంతా ఇసుక దుమ్ము. దాని మీద ముందు చక్రం బిగుసుకుంటే బండి నిజంగానే పడేస్తుంది. ఆయన మాట ఆ నేలకు సరైనదే. ఆ మాటను నేను తారు రోడ్డు మీదికి తెచ్చుకుని ఇరవై ఏళ్లు మోశాను.

మా అమ్మాయికి బండి నేర్పేటప్పుడు మైదానానికి తీసుకెళ్లలేదు. తెల్లవారుజామున జనం లేని తారు రోడ్డు మీద సుద్దతో గీత గీశాను. నా పాత బండి, జంట బ్రేకులు రాకముందుది. నెమ్మది తిరుగుళ్లన్నీ అయ్యాక, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చి గీత దగ్గర వెనక బ్రేకు మాత్రమే వేయమన్నాను. ఆగిన చోటి నుంచి గీత దాకా అంగలు వేసి లెక్కపెట్టింది. పదమూడు. ఈసారి రెండూ వాడమన్నాను. మొదట ముందు బ్రేకు మీద వేళ్లు వేయడానికే భయపడింది. నాలుగైదు సార్లు పిండడం అలవాటయ్యాక మళ్లీ గీత దాకా నడిచింది. ఎనిమిది అంగలు. నమ్మకం కుదరక బండి స్టాండు వేసి, “నాన్నా, నువ్వు లెక్కపెట్టు” అంది.